ఎనిమిది పేజీల దుఃఖం

బొమ్మల కథ అనగానే మనకు పిల్లలు గుర్తుకు వస్తారు. 1947 జూలైలో పుట్టిన 'చందమామ' మనకు చేసిన మేలూ, చేసిన కీడూ కూడా అదేనేమో! చిత్రా, శంకర్, వపా గీసిన బొమ్మలు చూస్తూ మన ఇళ్లల్లో మూడు తరాల పిల్లలు అక్షరాలు కూడబలుక్కున్నారు. అది మేలు. బొమ్మలున్న పేజీ పిల్లలదీ, లేని పేజీ పెద్దలదీ అని ఒక పంపకం మన మనస్సుల్లో స్థిరపడిపోయింది. అది కీడు. పెద్దలు చదివే సీరియలుకు మాత్రం బొమ్మ ఉండదా అంటారు. ఉంటుంది. కాని అది కథకు పెట్టిన బొట్టు వంటిది. చెరిపేసినా కథ నడుస్తుంది.

బొమ్మే కథను నడపాలి, ఆ కథ పెద్దవాళ్ల గుండెల్లోని బరువును మోయాలి అని పట్టుబట్టిన ఒక జపాను చిత్రకారుడి పుస్తకం మొన్న వేసవి సెలవుల్లో చదివాను. ఆయన పేరు యోషిహిరో తాత్సుమి. 1935లో ఒసాకా నగరంలో పుట్టాడు, 2015లో పోయాడు. జపానులో బొమ్మల కథలను 'మాంగా' అంటారని ఇప్పుడు మన పిల్లలకు కూడా తెలుసు. ఆ మాటలోనే ఏదో సరదా, ఏదో ఆటవిడుపు ధ్వనిస్తుందట. నేను గీసేవి సరదా బొమ్మలు కావు మొర్రో అని తాత్సుమి 1957లో తన పనికి వేరే పేరు పెట్టుకున్నాడు: 'గెకిగా'. నాటకీయ చిత్రాలు అని చెప్పుకోవచ్చు.

అప్పటికి ఆయన వయసు ఇరవై రెండు. ఆయన పుస్తకాలు కొని చదివేవారు తక్కువ, అద్దెకు తెచ్చుకుని చదివేవారు ఎక్కువ. జపానులో ఆ రోజుల్లో వీధివీధినా అద్దె పుస్తకాల అంగళ్లు ఉండేవి. ఈ సంగతి చదివినప్పుడు ఆ దేశం నాకు కాస్త దగ్గరైంది సుమండీ! మన పట్టణాల్లో బస్టాండు పక్కన, సినిమా టాకీసు ఎదుట, రోజుకింత అని చెల్లించి వారపత్రికలూ, నవలలూ తెచ్చుకున్న రోజులు మన అమ్మలకూ, అత్తయ్యలకూ బాగా గుర్తే. పెద్ద గ్రంథాలయం మెట్లు ఎక్కని సాహిత్యం ఆ అంగళ్లలోనుంచే వంటింటి దాకా వచ్చింది.

నేను చదివిన సంపుటిలో 16 కథలున్నాయి. అన్నీ 1969లో గీసినవే. వాటిని ఒకచోట చేర్చి, 2005లో కెనడాలోని ఒక ప్రచురణ సంస్థ ఇంగ్లీషులో వేసింది. 'ది పుష్ మ్యాన్' అని పుస్తకం పేరు. టోక్యోలో రైలు పెట్టెలు కిక్కిరిసిపోయినప్పుడు జనాన్ని వెనుకనుంచి లోపలికి తోసే ఉద్యోగం ఒకటి ఉంటుంది. అటువంటి ఉద్యోగి కథ అది. చాలా కథలకు ఎనిమిదేసి పేజీలే. పత్రికవారు అంతకు మించి చోటు ఇవ్వలేదు. మురుగు కాలువలు శుభ్రం చేసేవాడు, కార్ఖానా కూలి, సినిమా ప్రొజెక్టరు తిప్పేవాడు, ఇటువంటివాళ్లే నాయకులు. చిత్రమేమిటంటే కథ మారినా వీళ్ల ముఖం దాదాపు ఒక్కటే. ఒకే గుండ్రటి, అలసిన ముఖం. పైగా మాట్లాడరు. పక్కవాళ్లు అరుస్తుంటారు, వీళ్లు వింటుంటారు.

ఒక కథలో కార్ఖానా కూలి ఒకడు బీమా సొమ్ము కోసం తన చేతిని తానే యంత్రం కింద పెడతాడు. ఆ డబ్బు భార్యకు ఇస్తాడు. భార్య దక్కుతుందా అంటే దక్కదు. ఇదీ కథ. ఇందులో ఉపోద్ఘాతం లేదు, వాతావరణ వర్ణన లేదు, 'అయ్యో పాపం' అని రచయిత ఎక్కడా అనడు. యంత్రం, చెయ్యి, ఖాళీ చొక్కా గుడ్డ: బొమ్మ తరువాత బొమ్మ వస్తుంది, అంతే.

ఈ కథ డిగ్రీ తరగతిలో ఒకనాడు నోటిమాటగా చెప్పాను. సాధారణంగా ఇటువంటిది చెబితే పిల్లలు 'అట్లా ఎవరైనా చేస్తారా సార్?' అని అడుగుతారు. సిరిసిల్లనుంచి వచ్చే ఒక అబ్బాయి అది అడగలేదు. "సార్, ఆయనకు బీమా పైసలు ఎన్నొచ్చినయి?" అని అడిగాడు. తరగతి గొల్లున నవ్వింది. ఆ అబ్బాయి నవ్వలేదు. సిరిసిల్లలో మరమగ్గాల చప్పుడు మధ్య పెరిగినవాడు, భీవండికీ, షోలాపూరుకూ వలసపోయిన చుట్టాలు ఉన్నవాడు. 2000 తరువాతి సంవత్సరాలలో ఆ ఊరి నేతన్నల ఆత్మహత్యల వార్తలు పత్రికల్లో వరుసగా వచ్చాయి, మీరూ చదివే ఉంటారు. వాడికి ఆ కథలో నమ్మశక్యం కానిది ఏదీ కనిపించలేదు. లెక్క ఒక్కటే తెలియాల్సి ఉంది.

నా మట్టుకు నాకు ఆ పుస్తకం చదువుతుంటే టోక్యో గుర్తుకు రాలేదు. జగిత్యాల గుర్తుకు వచ్చింది. అలిశెట్టి ప్రభాకర్ గుర్తుకు వచ్చాడు.

ఈ పేరు చాలామందికి కవిగానే తెలుసు. కాని మొదట ఆయన బొమ్మలు గీసేవాడు. 1954 జనవరి 12న జగిత్యాలలో పుట్టాడు. కుర్రతనంలో పండుగల బొమ్మలు, ప్రకృతి దృశ్యాలు, సినిమా తారల బొమ్మలు వేసి పత్రికలకు పంపేవాడు. జగిత్యాలలో 'సాహితీ మిత్రదీప్తి' అనే సంస్థతో పరిచయమైన తరువాత కలం పట్టాడు. తొలి కవిత 1974లో అచ్చయింది. ఎక్కడనుకున్నారు? మన ఇటువంటి సచిత్ర వారపత్రికలోనే, 'ఆంధ్ర సచిత్ర వారపత్రిక'లో! తండ్రి పోవటంతో ఇంటి బరువు మీద పడింది. సిరిసిల్ల వెళ్లి, రాం స్టూడియోలో ఫొటోగ్రఫీ నేర్చుకున్నాడు. 1976లో జగిత్యాలలో 'పూర్ణిమ' అని సొంత స్టూడియో పెట్టాడు. తరువాత కరీంనగరులో 'శిల్పి', 1983లో హైదరాబాదులో 'చిత్రలేఖ'. స్టూడియోల పేర్లు చూడండి, ఎంత సుకుమారంగా ఉన్నాయో! పుస్తకాల పేర్లు చూడండి: 1978లో 'ఎర్ర పావురాలు', 1979లో 'మంటల జెండాలు', 1985లో 'రక్తరేఖ'. పొట్ట పోసుకునే పనికి వెన్నెల పేరు, గుండె చెప్పిన పనికి నిప్పు పేరు.

ఆ నిప్పు ఊరికే రాలేదు. 1978 సెప్టెంబరులో జగిత్యాలలో రైతుకూలీలు వేలాదిగా కదిలిన జైత్రయాత్ర జరిగింది. అదే ఏడు జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను ప్రభుత్వం కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. ఆ రాజకీయాలమీద ఎవరి అభిప్రాయం వారికి ఉంటుంది, ఈ పేజీలో ఆ చర్చ పెట్టను. నేను చెప్పదలచుకున్నది ఆ ఊళ్లో కెమెరా పట్టుకుని కూర్చున్న ఇరవై నాలుగేళ్ల యువకుడి సంగతి.

స్టూడియోకు ఎవరెవరు వస్తారు? పెళ్లిచూపులకు ఫొటో కావలసిన ఆడపిల్ల, ఉద్యోగం దరఖాస్తుకు ఫొటో కావలసిన నిరుద్యోగి, ఊరు విడిచిపోయే ముందు కుటుంబమంతా కలిసి ఒక్క ఫొటో దిగుదామనుకునే సంసారి. ఒక్కొక్కరిని కుర్చీలో కూర్చోబెట్టి, గడ్డం కాస్త పైకెత్తమని చెప్పి, నవ్వమని చెప్పి, ఆ నవ్వు వచ్చేలోపు ముఖంలో ఉన్నది ఏమిటో చూసే పని ఫొటోగ్రాఫరుది. ప్రభాకర్ కవితలు చాలావరకు ఆ నవ్వుకు ముందు క్షణంలో తీసిన ఫొటోలు. నాలుగు పంక్తులు, ఆరు పంక్తులు. వేశ్యమీద రాశాడు, ఆకలిమీద రాశాడు, ఓటుమీద రాశాడు. పక్కన తానే ఒక బొమ్మ గీసేవాడు. ఆ బొమ్మ కవితకు అలంకారం కాదు. కవితలో చెప్పకుండా విడిచిన మాట బొమ్మలో ఉంటుంది, బొమ్మలో లేనిది పంక్తిలో ఉంటుంది. హైదరాబాదులో ఉన్నప్పుడు 'సిటీ లైఫ్' పేరుతో ఆరేళ్లపాటు 'ఆంధ్రజ్యోతి'లో ఇటువంటి పొట్టి కవితలు రాశాడు. అగ్గిపెట్టెమీద పట్టేటంత కవితలు అని మా విద్యార్థులకు చెబుతుంటాను.

రస సిద్ధాంతం చెప్పి జీతం పుచ్చుకునేవాణ్ని కనుక ఒక మాట అనకుండా ఉండలేను. మన లాక్షణికుల దృష్టిలో శోకం వేరు, కరుణరసం వేరు. శోకం పచ్చిది. దాన్ని విభావానుభావాలతో పక్వం చేస్తే రసమవుతుంది, అప్పుడు వడ్డించాలి. బాగుంది. క్రౌంచపక్షిని చూసిన వాల్మీకికి శోకం శ్లోకం కావటానికి ఒక్క క్షణం పట్టింది. ఆ తరువాత మనకు ఇరవైనాలుగు వేల శ్లోకాలు దొరికాయి. ఈ తాత్సుమీ, ఈ ప్రభాకరూ ఆ ఒక్క క్షణం దగ్గరే నిలబడిపోయిన మనుషులు. బాణం తగిలింది, పక్షి పడింది, ఇక చాలు అంటారు. ఎనిమిది పేజీలు దాటినా, ఎనిమిది పంక్తులు దాటినా వంట మొదలవుతుందని వారి భయం కాబోలు! వారి తొలినాటి చిన్న రచనల్లో మొరటుతనం ఉంది, తొందర ఉంది. తాత్సుమి తరువాత పెద్దవయసులో తన జీవితకథను వందల పేజీల బొమ్మల్లో ఎంతో నిదానంగా చెప్పాడు. మంచి పుస్తకమే. అయినా 1969 నాటి కథల్లో ఉన్న ఆ గొంతు పట్టేసిన స్థితి అందులో లేదని నా అభిప్రాయం.

తాత్సుమిలో నాకు నచ్చనిది కూడా చెప్పాలి. ఆయన కథల్లో మగవాడి కష్టానికి చాలాసార్లు ఆడదే కారణం. సాధించే భార్య, మోసం చేసే ప్రియురాలు. మాట్లాడని మగవాడిమీద అంత జాలి చూపిన కలం, మాట్లాడే ఆడదాని ఇంటి లెక్క ఏమిటో ఒక్కసారి కూడా సరిగా చూడలేదు. ఈ విషయంలో మన ప్రభాకర్ ఎంతో మెరుగు.

ఇక్కడ కోరుట్ల సంగతి చెప్పాలి. మా కళాశాలలో పిల్లలు నెలకోసారి గోడపత్రిక పెడతారు. అలిశెట్టి పుస్తకం చదివిన ఒక డిగ్రీ అమ్మాయి, బొమ్మలు బాగా గీస్తుంది, 'నేను కూడా ఎనిమిది పేజీల కథ గీస్తాను సార్' అన్నది. గీసింది. ఒక ఇల్లు. ఒక స్త్రీ గోడకు ఆనుకుని, చాట ఒళ్లో పెట్టుకుని, తునికాకు కత్తిరిస్తూ, బీడీలు చుడుతూ ఉంటుంది. పక్కన ఫోను. భర్త దుబాయిలో. ఫోను మోగుతుంది, మాట్లాడుతుంది, నవ్వుతుంది కూడా. ఫోను పెట్టేస్తుంది. ఏడో పేజీలో ఏడుస్తుంది. ఎనిమిదో పేజీలో మళ్లీ ఆకు కత్తిరిస్తుంది. మాటలు మొత్తం కలిపి పది ఉండవు.

కోరుట్ల, జగిత్యాల ప్రాంతం తెలిసినవారికి ఇందులో వింత ఏమీ లేదు. ఎన్నో ఇళ్లల్లో మగవాడు గల్ఫులో, ఆడది బీడీలచాట ముందు. అయితే ఆ అమ్మాయి ఒక పని చేసింది. ఆ స్త్రీకి తన తల్లి ముఖమే గీసింది. ముక్కుపుడకతో సహా.

గోడపత్రిక పెట్టబోయే ముందురోజు ఆ తల్లి కళాశాలకు వచ్చింది.

"నమస్తే సార్. పిల్ల సదువుకోవాలె అని పంపిన. మా ఇంట్ల సంగతి బొమ్మలు గీసి నలుగురికి సూపెట్టుడు ఏంది సార్?"

"కూసోండమ్మా. బిడ్డ మంచిగ గీసింది. ఇండ్ల తప్పేమున్నది?"

"తప్పని నేననలే. గీసింది మంచిగనే ఉన్నది. నా ఏడ్పు నలుగురు సూడాల్నా సార్?"

ఇరవై ఏళ్లుగా కరుణరసం పాఠం చెబుతున్నాను. ఈ ప్రశ్న ఏ అలంకారశాస్త్రంలోనూ నాకు తగల్లేదు. పచ్చి దుఃఖం గొప్పది, వండకుండా పెట్టాలి అని మనం మెచ్చుకుంటాం. కాని ఆ దుఃఖం ఎవరిదో ఒకరిది. తాత్సుమి అపరిచితులమీద గీశాడు, వారు వచ్చి అడగలేదు. ప్రభాకర్ చివరి సంవత్సరాల్లో క్షయతో దగ్గుతూ తన జబ్బుమీదా, తన చావుమీదా తానే రాసుకున్నాడు. అది ఆయన సొంత ఆస్తి, ఎవరి అనుమతీ అక్కరలేదు. తల్లి ఏడుపు కూతురిదా? ఆవిడ దాన్ని ఇన్నేళ్లు ఫోనులో భర్తకు కూడా వినపడకుండా దాచుకున్నది. ఆ దాపరికంలోనే ఆవిడ గౌరవం ఉంది.

ఇంకోవైపు ఆ అమ్మాయి. చిన్నప్పటినుంచీ ఆ ఏడుపు చూస్తూ పక్కగదిలో నిద్ర నటించిన పిల్ల. అది ఆమె చూసింది కూడా, ఆమె మోసింది కూడా. గీయవద్దంటే ఆ పిల్ల ఎక్కడ పెట్టుకోవాలి?

ఆ రోజు నేను తీర్పు చెప్పలేదు. గోడపత్రికలో ఆ చోటు ఖాళీగా ఉంచమని మాత్రం చెప్పాను. ఆ అమ్మాయి రెండు రోజులు మాట్లాడలేదు. నాతోనూ, తల్లితోనూ. మూడోనాడు కొత్త బొమ్మలు తెచ్చింది. కథ అదే, పేజీలు అవే ఎనిమిది. ఆ స్త్రీ ముఖం మాత్రం ఎక్కడా లేదు. ఒక బొమ్మలో వీపు, ఒక బొమ్మలో ఫోను పట్టుకున్న చెవి, మిగతా అన్నిట్లో చేతులు. ఏడో పేజీలో కూడా చేతులే. కత్తెర ఆగిపోయి ఉంటుంది, అంతే. నాకు మొదటి దానికంటే ఇదే ఎక్కువ గుచ్చుకున్నది.

'అమ్మకు చూపించావా?' అని అడిగాను. చూపించిందట. తల్లి చాలాసేపు చూసి, "గిట్ల కాదు బిడ్డా, ఆకు మలిచేటప్పుడు బొటనవేలు గీడ ఉంటది" అని తన చెయ్యి పెట్టి చూపించిందట. ఆ అమ్మాయి రెండు పేజీల్లో వేళ్లు మళ్లీ గీసింది. బొమ్మలు గోడమీదికి ఎక్కాయి. కింద పేరు వేయలేదు. అది తల్లి పెట్టిన షరతు.

ఇంతకూ, ఇటువంటి పుస్తకాలు ఇంట్లో పిల్లల చేతికి ఇవ్వవచ్చునా అని కొందరు పాఠకులు అడగబోతారని తెలుసు. తాత్సుమి పుస్తకం హైస్కూలు పిల్లలకు ఇవ్వకండి. అందులో పెద్దల వ్యవహారాలు దాపరికం లేకుండా ఉన్నాయి. డిగ్రీకి వచ్చినవాళ్లు చదవవచ్చు, వీలైతే మీరు ముందు చదివి ఇవ్వండి. అలిశెట్టి ప్రభాకర్‌ను మాత్రం పదో తరగతి పిల్లలకు కూడా నిస్సంకోచంగా ఇవ్వవచ్చు. ఒకటి రెండు కవితల దగ్గర వాళ్లు ఏదో అడుగుతారు. అడిగితే చెప్పండి. బయట ఎవరో చెప్పేకంటే మీరు చెప్పటం మేలు.

ప్రభాకర్ 1993 జనవరి 12న, సరిగ్గా పుట్టినరోజునాడే, హైదరాబాదులో కన్నుమూశాడు. ముప్పై తొమ్మిదేళ్లు. ఇరవై ఏళ్ల తరువాత 2013లో మిత్రులు పూనుకుని ఆయన కవితలు ఒకచోట చేర్చి 'అలిశెట్టి ప్రభాకర్ కవిత' అని సంపుటి తెచ్చారు. కనుక కవితలకు లోటు లేదు.

నా బెంగ ఆ తొలినాటి చిన్న పుస్తకాల గురించీ, చేత్తో గీసిన బొమ్మల గురించీ. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ఇళ్లల్లో ఆ రోజుల్లో పదిమందితో తిరిగిన తండ్రులు, మేనమామలు ఉన్నారు. వాళ్ల సందూకల్లో పాత కరపత్రాల కింద 'ఎర్ర పావురాలు' తొలి ముద్రణ ప్రతి ఒకటి ఉండవచ్చు. పూర్ణిమ స్టూడియో కవరులో ఒక ఫొటో ఉండవచ్చు, దాని వెనుక గీసిన గీతలు ఉండవచ్చు. ఆ కాగితం ఈ సరికి పెళుసుబారి ఉంటుంది. మడత విప్పేటప్పుడు తొందరపడకండి, ఎండలో పెట్టకండి, ప్లాస్టిక్ సంచిలో కట్టకండి. చేతిలో ఉన్న ఫోనుతోనే ఒక్కొక్క పేజీ వెలుతురులో ఫొటో తీసి, మీ ఊరి శాఖా గ్రంథాలయంలో ఒక ప్రతి ఇవ్వండి. అన్ని పేజీలూ తీసే ఓపిక లేకపోతే, ముందు బొమ్మ ఉన్న పేజీ తీయండి.